జీతం పెంచేది ఓనర్, కట్టేది తోటి ఆటగాళ్లు: ఎన్‌హెచ్‌ఎల్ శాలరీ క్యాప్ కథ

2024 నవంబర్‌లో ఐస్ హాకీ ఆటగాడు షే వెబర్‌కు టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఆట మానేసి మూడేళ్లయితే తప్ప ఆ గౌరవం ఎవరికీ ఇవ్వరు. వెబర్ చివరి మ్యాచ్ ఆడింది 2021 జులైలో, మాంట్రియల్ జట్టు తరఫున. ఆ తర్వాత గాయాల వల్ల మళ్లీ ఐస్ మీద కాలు పెట్టలేదు. విచిత్రం ఏమిటంటే, సన్మానం జరిగిన రోజుకి కూడా అతని పేరు యూటా టీమ్ జీతాల పట్టీలో ఉంది. యూటాకు అతను ఒక్క మ్యాచ్ ఆడలేదు. మాంట్రియల్ అతని కాంట్రాక్ట్‌ను 2022లో వేగస్‌కు ఇచ్చింది, వేగస్ మరుసటి ఏడాది అరిజోనాకు ఇచ్చింది, అరిజోనా టీమ్ యూటాకు మకాం మారిస్తే కాంట్రాక్ట్ కూడా వెంట వెళ్లింది. 2025 మార్చిలో యూటా దాన్ని షికాగోకు పంపింది.

ఆడని మనిషిని ఇన్ని టీమ్‌లు ఎందుకు చేతులు మార్చుకున్నాయి? కొన్ని టీమ్‌లు అతన్ని తీసుకోవడానికి ఎందుకు సరేనన్నాయి? శాలరీ క్యాప్ లోతుపాతులు తెలిస్తే తప్ప ఈ వ్యవహారం అంతుచిక్కదు.

ముందుగా ఒక మాట. మనకు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన మైదానం హాకీయే గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది ఐస్ హాకీ గురించి, అమెరికా, కెనడాల్లో 32 టీమ్‌లతో నడిచే నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) గురించి. డబ్బు స్థాయి ఎలాంటిదో తెలియాలంటే ఒక పోలిక చాలు. 2024 అక్టోబర్‌లో హాకీ ఇండియా లీగ్ వేలంలో హైదరాబాద్ తూఫాన్స్‌తో సహా ఒక్కో పురుషుల జట్టుకు ఇచ్చిన మొత్తం పర్సు 4 కోట్ల రూపాయలు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అందరికంటే తక్కువ తీసుకునే ఆటగాడికి 2025-26లో ఇవ్వాల్సిన కనీస జీతం 7.75 లక్షల డాలర్లు. అంటే ఆరున్నర కోట్ల రూపాయల పైమాటే.

అదే సీజన్‌కు ఒక టీమ్ మొత్తం జీతాలకు గరిష్ఠ పరిమితి 9.55 కోట్ల డాలర్లు. దీన్నే క్యాప్ అంటారు. కనిష్ఠ పరిమితి కూడా ఒకటుంది, 7.06 కోట్ల డాలర్లు. దాన్ని ఫ్లోర్ అంటారు. ఓనర్ ఎంత కుబేరుడైనా పై గీత దాటకూడదు, ఎంత పిసినారి అయినా కింది గీత కంటే తగ్గకూడదు. ఒక్క ఆటగాడి జీతం క్యాప్‌లో 20 శాతానికి మించకూడదు.

బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో క్యాప్ దాటే మార్గాలు బోలెడున్నాయి, పన్ను కట్టి ముందుకెళ్లొచ్చు. బేస్‌బాల్‌లో అసలు క్యాపే లేదు. ఎన్‌హెచ్‌ఎల్ క్యాప్ మాత్రం గట్టిది. జరిమానా కట్టి దాటే వీలు లేదు.

ఐపీఎల్ వేలం చూసేవాళ్లకు ఈ టెన్షన్ కొత్తేం కాదు. 2025 సీజన్‌కు ఒక్కో జట్టు పర్సు 120 కోట్లు. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్, హెడ్‌లకు చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చి అట్టిపెట్టుకుంది. ఐదుగురికే 75 కోట్లయ్యాయి. మిగతా జట్టంతటినీ 45 కోట్లతో కొనాల్సి వచ్చింది. పైకి ఎన్‌హెచ్‌ఎల్‌ది కూడా ఇదే కథ. కానీ ఐపీఎల్ పర్సు బోర్డు నిర్ణయించిన ఒక అంకె. లీగ్ ఆదాయంలో ఆటగాళ్లకు ఇంత శాతం అని రాసుకున్న ఒప్పందం అక్కడ లేదు, బేరమాడే యూనియనూ లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ శాతమే అసలు ఒప్పందం. క్యాప్ అనేది దాని నీడ.

ఒక సీజన్ మొత్తం పోయింది

1990లలో ఎన్‌హెచ్‌ఎల్‌లో జీతాలకు అదుపు ఉండేది కాదు. 1997లో న్యూయార్క్ రేంజర్స్ టీమ్ కొలరాడో కెప్టెన్ జో సాకిక్‌కు మూడేళ్లకు 2.1 కోట్ల డాలర్లు ఆఫర్ చేసింది. అందులో 1.5 కోట్లు సంతకం పెట్టగానే చేతికివ్వాలి. కొలరాడో కిందామీదా పడి అంతే మొత్తం ఇచ్చి అతన్ని నిలబెట్టుకుంది. పెద్ద ఊరి టీమ్ ఒక ధర పలికితే చిన్న ఊరి టీమ్ చచ్చినట్టు దాన్ని అందుకోవాలి, లేదా ఆటగాణ్ణి వదులుకోవాలి.

కెనడా టీమ్‌లకు ఇంకో తలనొప్పి. టికెట్లు కెనడా డాలర్లలో అమ్ముకుంటారు, జీతాలు మాత్రం అమెరికా డాలర్లలో ఇవ్వాలి. 2002 మొదట్లో కెనడా డాలర్ విలువ 62 అమెరికన్ సెంట్ల దాకా పడిపోయింది. అప్పటికే క్యూబెక్ టీమ్ 1995లో డెన్వర్‌కు, విన్నిపెగ్ టీమ్ 1996లో ఫీనిక్స్‌కు వెళ్లిపోయాయి. క్యూబెక్ వాళ్ల కడుపుమంట ఊహించుకోవచ్చు. ఏళ్ల తరబడి నెత్తిన పెట్టుకున్న జట్టు ఊరు వదిలిన మొదటి సీజన్‌లోనే కొలరాడో పేరుతో స్టాన్లీ కప్ (లీగ్ విజేతకిచ్చే ట్రోఫీ) గెలిచింది. 2003 జనవరిలో ఒట్టావా, బఫెలో రెండు టీమ్‌లూ ఒకే నెలలో దివాలా పిటిషన్ వేశాయి.

లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ దీన్నే ఆయుధం చేసుకున్నారు. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థకు ఒకప్పుడు అధిపతిగా చేసిన ఆర్థర్ లెవిట్‌తో లీగ్ ఖాతాలు చూపించారు. 2002-03లో లీగ్ 27.3 కోట్ల డాలర్లు నష్టపోయిందని, ఆదాయంలో 75 శాతం ఆటగాళ్లకే పోతోందని 2004 ఫిబ్రవరిలో లెవిట్ నివేదిక చెప్పింది. ఆటగాళ్ల యూనియన్ ఆ లెక్కల్ని ఒప్పుకోలేదు. క్యాప్ అన్న మాటే ఎత్తొద్దంది. 2004 సెప్టెంబర్‌లో ఓనర్లు లాకౌట్ ప్రకటించారు, 2005 ఫిబ్రవరిలో సీజన్ మొత్తాన్ని రద్దు చేశారు. ఉత్తర అమెరికాలోని పెద్ద లీగుల్లో యాజమాన్యానికీ ఆటగాళ్లకూ గొడవ వచ్చి ఒక సీజన్ పూర్తిగా పోవడం అదే మొదటిసారి.

చివరికి మెట్టు దిగింది యూనియనే. ఉన్న కాంట్రాక్టులన్నిటి మీదా 24 శాతం కోత పడింది. 2005-06కి 3.9 కోట్ల డాలర్లతో తొలి క్యాప్ వచ్చింది. యూనియన్ నాయకుడు బాబ్ గుడెనో కొద్ది రోజులకే తప్పుకున్నారు.

క్యాప్ వచ్చాక ఓనర్ల ఆకలి తీరిపోయిందా అంటే, లేదు. 2011-12 నాటికి లీగ్ ఆదాయం దాదాపు 330 కోట్ల డాలర్లకు చేరింది, ఆటగాళ్ల వాటా 57 శాతం. 2012లో మళ్లీ లాకౌట్ పెట్టారు. సగం సీజన్ పోయాక 50-50 దగ్గర రాజీ కుదిరింది. ఏడు శాతమే కదా అనిపిస్తుంది. ఆనాటి ఆదాయం మీద అది ఏడాదికి 23 కోట్ల డాలర్లు.

పే స్లిప్‌లో కనిపించే అసలు సంగతి

చాలామంది అభిమానులు కూడా సరిగ్గా పట్టించుకోని భాగం ఇది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ఆటగాళ్ల వాటా ఆదాయంలో సరిగ్గా సగం. రాబోయే సీజన్ ఆదాయాన్ని అంచనా వేసి, అందులో సగాన్ని 32 టీమ్‌లకు పంచితే ఒక మధ్య అంకె వస్తుంది. దానికి 15 శాతం పైన క్యాప్, 15 శాతం కింద ఫ్లోర్ పెడతారు. అన్ని టీమ్‌లూ సగటున ఆ మధ్య అంకె దగ్గరే ఖర్చు చేస్తే లెక్క సరిగ్గా సరిపోతుంది. కానీ కప్ కావాలనుకునే టీమ్ ఏదైనా మధ్యలో ఆగుతుందా? చాలా టీమ్‌లు పై గీత దాకా వెళ్తాయి. దాంతో కాంట్రాక్టుల్లో రాసిన జీతాలన్నీ కలిపితే సగం దాటిపోతుంది.

ఆ దాటిన మొత్తాన్ని ఆటగాళ్ల దగ్గర నుంచే వెనక్కి తీసుకుంటారు. ప్రతి జీతం చెక్కు నుంచి కొంత శాతం పట్టి పక్కన పెడతారు. దీని పేరు ఎస్క్రో. సీజన్ అయ్యాక ఆదాయం లెక్క తేలుస్తారు. ఉదాహరణకు లీగ్ ఆదాయం 600 రూపాయలు అనుకుందాం. ఆటగాళ్లకు రావాల్సింది 300. కాంట్రాక్టులు కలిపితే 330 అయ్యాయి. అప్పుడు పక్కన పెట్టిన దాంట్లోంచి 30 రూపాయలు ఓనర్లకు వెళ్లిపోతాయి. అంటే కాంట్రాక్ట్‌లో రాసుకున్న ప్రతి రూపాయికీ ఆటగాడికి దక్కేది 91 పైసలు.

దీని అర్థం ఏమిటి? ఎన్‌హెచ్‌ఎల్ కాంట్రాక్ట్‌లో కనిపించే అంకె జీతం కాదు, వాటా. ఒక టీమ్ తన స్టార్‌కు కోటి డాలర్లు ఎక్కువ ఇచ్చిందంటే లీగ్ మొత్తం మీద ఓనర్ల జేబు నుంచి అదనంగా పోయేదేమీ ఉండదు. వాళ్ల సగం వాళ్లకు భద్రం. ఆ కోటి మిగతా ఏడెనిమిది వందల మంది ఆటగాళ్ల ఎస్క్రోలోంచి కొంచెం కొంచెంగా వస్తుంది. టీమ్ లోపల చూస్తే ఇంకా సూటిగా కనిపిస్తుంది. క్యాప్ అంచున ఉన్న టీమ్‌లో ఒకడికి పెరిగితే మరొకడు సర్దుకోవాలి, లేదా వెళ్లిపోవాలి. పాత రోజుల్లో జీతం గొడవ ఓనర్‌కూ ఆటగాడికీ మధ్య ఉండేది. క్యాప్ ఆ గొడవను తీసుకెళ్లి డ్రెస్సింగ్ రూమ్‌లో పెట్టింది. ఓనర్ల పక్షాన ఇంతకంటే తెలివైన పని ఇంకోటి ఉండదని నా అభిప్రాయం.

కొత్త టీమ్ లీగ్‌లో చేరేటప్పుడు కట్టే ఫీజు ఈ సగం-సగం లెక్కలోకి రాదు. వేగస్ 50 కోట్ల డాలర్లు, సియాటిల్ 65 కోట్లు కట్టాయి. అందులో ఆటగాళ్లకు పైసా వాటా లేదు. టీమ్ విలువ పెరిగితే వచ్చే లాభమూ అంతే. 2003లో దివాలా తీసిన ఆ ఒట్టావా టీమే 2023లో 95 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

కోవిడ్ వచ్చినప్పుడు ఎస్క్రో అసలు రూపం బయటపడింది. ఎన్‌హెచ్‌ఎల్‌కు టికెట్ల డబ్బే ప్రాణం. గ్యాలరీలు ఖాళీ అయ్యేసరికి ఆదాయం కుప్పకూలింది, కాంట్రాక్టులు మాత్రం అప్పటికే సంతకాలై ఉన్నాయి. అంటే ఆటగాళ్లు తమ సగం కంటే చాలా ఎక్కువ తీసేసుకున్నట్టు లెక్క తేలింది. అది అప్పుగా మారింది. 2020-21లో చెక్కుల్లోంచి 20 శాతం ఎస్క్రోకే పోయింది. అప్పు తీరేదాకా క్యాప్ పెద్దగా కదల్లేదు. మూడు సీజన్లు 8.15 కోట్ల దగ్గరే నిలిచిపోయింది, తర్వాత రెండేళ్లు ఏడాదికి పది లక్షల చొప్పున నత్తనడక నడిచింది. ఆ కాలంలో కాంట్రాక్ట్ ముగిసిన మధ్యస్థాయి ఆటగాళ్ల గతి చూడాలి. స్టార్ల ధర తగ్గలేదు, కుర్రాళ్ల ధర ఎటూ తక్కువే. మధ్యలో ఉన్న ముప్పై ఏళ్లవాళ్లు కనీస జీతానికి దగ్గర్లో ఏడాది కాంట్రాక్టులకు తలూపారు. కొందరు కాంట్రాక్టే లేకుండా ట్రయల్ మీద శిక్షణ శిబిరాలకు వచ్చారు.

కుర్రాళ్లు చవక అన్నాను కదా, అది మార్కెట్ చేసిన పని కాదు, రూల్. డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతిలో, ఎంపికై కొత్తగా వచ్చినవాడి మూల జీతానికి కూడా గరిష్ఠ పరిమితి ఉంది. 2023లో తరానికొక్కడు అని ఊరించిన కానర్ బెడార్డ్ కూడా 9.5 లక్షల డాలర్లకే సంతకం పెట్టాడు, పైన వచ్చే బోనస్‌లు వేరే. కాబట్టి జనరల్ మేనేజర్ల లెక్క ఒకటే. ముగ్గురు నలుగురు ఖరీదైన స్టార్లు, వాళ్ల చుట్టూ చవకైన కుర్రాళ్లు. మధ్యతరగతికి చోటు తక్కువ.

గెలిస్తే వచ్చే కష్టం

2010లో షికాగో బ్లాక్‌హాక్స్ 49 ఏళ్ల తర్వాత కప్ గెలిచింది. ఊరేగింపు హడావిడి పూర్తిగా సద్దుమణగకముందే జట్టు విడిపోవడం మొదలైంది. అప్పటికే ప్యాట్రిక్ కేన్, జోనథన్ టేవ్స్‌లకు చెరో 63 లక్షల డాలర్ల కొత్త జీతాలు రాసేశారు. అవి మొదలయ్యే వేళకు క్యాప్‌లో ఖాళీ లేదు. ప్లేఆఫ్స్‌లో గోల్స్ దంచిన డస్టిన్ బఫ్లిన్, ఆండ్రూ లాడ్ అట్లాంటాకు, క్రిస్ వెర్‌స్టీగ్ టొరంటోకు వెళ్లిపోయారు. అదను చూసి శాన్‌హొసే టీమ్ షికాగో డిఫెండర్ యాల్మర్సన్‌కు ఏడాదికి 35 లక్షల లెక్కన నాలుగేళ్ల ఆఫర్ పెట్టింది. షికాగో దాన్ని అందుకుని అతన్ని నిలబెట్టుకుంది. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? గోల్‌కీపర్ అంటీ నీమికి మధ్యవర్తి 27.5 లక్షలు ఖాయం చేస్తే షికాగో కట్టలేక వదిలేసింది. కప్ గెలిపించిన గోల్‌కీపర్ చివరికి చేరింది ఎక్కడికో తెలుసా? ఆ శాన్‌హొసేకే.

2024 వేసవిలో ఎడ్మంటన్‌కు అలాంటి దెబ్బే తగిలింది. ఫైనల్‌లో ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఫ్లోరిడా చేతిలో ఓడిన జట్టు అది. ఆగస్టులో సెయింట్ లూయిస్ ఒకేసారి ఇద్దరు ఎడ్మంటన్ కుర్రాళ్ల మీద కన్నేసింది. ఫిలిప్ బ్రోబర్గ్‌కు ఏడాదికి 45.8 లక్షలు, డిలన్ హాలోవేకు 22.9 లక్షలు ఆఫర్ చేసింది. ఎడ్మంటన్ క్యాప్‌లో ఇద్దరికీ చోటు లేదని అందరికీ తెలుసు. ఇద్దరూ వెళ్లిపోయారు. నష్టపరిహారంగా ఎడ్మంటన్‌కు దక్కింది డ్రాఫ్ట్‌లో ఒక రెండో రౌండ్, ఒక మూడో రౌండ్ ఎంపిక. డబ్బున్న టీమ్ కాదు, క్యాప్‌లో ఖాళీ ఉన్న టీమ్ వేటాడే కాలం ఇది.

టొరంటోది ఇంకో రకం. మాథ్యూస్, టవారెస్, మార్నర్, నైలాండర్ అనే నలుగురు ఫార్వర్డ్‌లకే క్యాప్‌లో దాదాపు సగం పోసింది. క్యాప్ ఏటా పెరుగుతుందన్న ధీమాతో రాసిన కాంట్రాక్టులవి. కోవిడ్‌తో క్యాప్ ఆగిపోయింది. వెనక ఉండాల్సిన డిఫెండర్లకు, గోల్‌కీపర్‌కు డబ్బు చాలలేదు. రెగ్యులర్ సీజన్‌లో చెలరేగడం, ప్లేఆఫ్స్‌లో చతికిలపడటం అలవాటైపోయింది. 2025 వేసవిలో మార్నర్ వేగస్‌కు వెళ్లిపోయాడు.

కుండలో కూడు, దుడ్డులాంటి బిడ్డ

రూల్ గట్టిదైన కొద్దీ దాన్ని తప్పించుకునే బుర్రలూ పదునెక్కుతాయి. క్యాప్ లెక్కలో ఒక కీలకం ఉంది. ఈ ఏడాది చేతికిచ్చే డబ్బును కాకుండా, కాంట్రాక్ట్ మొత్తాన్ని ఏళ్లతో భాగిస్తే వచ్చే సగటును చూస్తారు. కాబట్టి స్టార్‌కు మొదటి ఏళ్లలో డబ్బు కుమ్మరించి, చివర్లో నామమాత్రపు జీతంతో ఏళ్లు తగిలిస్తే సగటు దిగిపోతుంది. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలన్నట్టు.

2010లో న్యూజెర్సీ డెవిల్స్ ఇల్యా కొవల్‌చుక్‌కు 17 ఏళ్లకు 10.2 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసింది. అది ముగిసేసరికి అతనికి 44 ఏళ్లు వస్తాయి. చివరి ఏళ్ల జీతం 5.5 లక్షలు. లీగ్ ఈ కాంట్రాక్ట్‌ను కొట్టేసింది, మధ్యవర్తి కూడా లీగ్ వైపే నిలిచాడు. కొత్తగా 15 ఏళ్లకు 10 కోట్లతో ఇంకోటి రాసుకున్నారు. ఇంత చేసినా ఆ అక్టోబర్‌లో క్యాప్‌లో ఖాళీ లేక, గాయపడిన వాళ్ల స్థానంలో ఎవర్నీ పిలవలేక, ఆ టీమ్ ఒక మ్యాచ్‌లో 18 మంది స్కేటర్లకు (గోల్‌కీపర్లు కాని ఆటగాళ్లకు) బదులు 15 మందితో దిగింది. కొవల్‌చుక్ మూడేళ్లకే ఎన్‌హెచ్‌ఎల్‌కు గుడ్‌బై చెప్పి రష్యా వెళ్లిపోయాడు.

ఇక షే వెబర్. 2012లో ఫిలడెల్ఫియా అతనికి 14 ఏళ్లకు 11 కోట్ల డాలర్లు ఆఫర్ చేసింది, నాష్‌విల్ దాన్ని అందుకుంది. మొదటి నాలుగేళ్లు ఏడాదికి 1.4 కోట్లు, చివరి మూడేళ్లు పది లక్షల చొప్పున. సగటు ఏటా 78.57 లక్షలు. ఇప్పుడు మొదట్లో వేసిన ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 2023 తర్వాత వెబర్ కాంట్రాక్ట్‌లో మిగిలిన నగదు ఏడాదికి పది లక్షలే, కానీ క్యాప్ పుస్తకంలో అది 78.57 లక్షల డాలర్ల ఖర్చుగా కనిపిస్తుంది. చేతిలో డబ్బు పెట్టకుండా ఫ్లోర్ దాటాలనుకునే టీమ్‌కు ఇంతకంటే ఏం కావాలి? ఐదు వేల సీట్లు కూడా లేని యూనివర్సిటీ హాల్లో మ్యాచ్‌లు ఆడుకుంటున్న అరిజోనాకు ఇలాంటి కాంట్రాక్టులు వరమయ్యాయి. అరిజోనా పుస్తకాల్లో ఇలాంటి ‘ఆటగాళ్లు’ వరసగా ఉండేవారు. వాళ్లలో క్రిస్ ప్రాంగర్ మరీ ప్రత్యేకం. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరేనాటికి అతను అరిజోనా జీతగాడు, అదే సమయంలో ఆటగాళ్ల మీద చర్యలు తీసుకునే లీగ్ విభాగంలో ఉద్యోగి కూడా.

అడ్డదారుల్లో న్యూయార్క్ రేంజర్స్ వాడినది అన్నిటికంటే మొరటుది. 65 లక్షల జీతగాడు వేడ్ రెడెన్ ఆట పడిపోయిందని 2010లో అతన్ని హార్ట్‌ఫర్డ్‌లోని చిన్న లీగ్ జట్టుకు దింపేశారు. అక్కడికి పంపితే ఆ జీతం క్యాప్‌లోకి రాదు. రెండు సీజన్లు అతను కుర్రాళ్లతో కలిసి, పూర్తి జీతం తీసుకుంటూ అక్కడే ఆడాడు. 2013 ఒప్పందంలో ఈ సందు మూసేశారు. కాంట్రాక్టులకూ కాలపరిమితి పెట్టారు, సొంత ఆటగాడికైతే ఎనిమిదేళ్లు, బయటివాడికైతే ఏడేళ్లు.

పాత కాంట్రాక్టుల పాపం మాత్రం వెంటాడింది. మినెసోటా 2012లో జాక్ పరీసే, రయన్ సూటర్‌లకు 13 ఏళ్లకు చెరో 9.8 కోట్లు రాసిచ్చి, 2021లో ఇద్దర్నీ డబ్బిచ్చి వదిలించుకుంది. వదిలించుకున్నా క్యాప్ భారం వదల్లేదు. 2023-24, 2024-25లలో ఏడాదికి 1.47 కోట్ల డాలర్ల చోటు జట్టులో లేని ఆ ఇద్దరి పేరు మీదే పోయింది. 2023-24లో సూటర్ డాలస్‌కు, పరీసే కొలరాడోకు ఆడారు. రెండూ మినెసోటా డివిజన్ ప్రత్యర్థులే! ఆ భారం చాలావరకు దిగీదిగగానే 2025 సెప్టెంబర్‌లో మినెసోటా కిరిల్ కప్రిజోవ్‌కు ఎనిమిదేళ్లకు 13.6 కోట్లు రాసింది, ఏడాదికి 1.7 కోట్లు. లీగ్ చరిత్రలో అదే అతిపెద్ద కాంట్రాక్ట్.

ఎక్కువమంది తిట్టిపోసింది మాత్రం టాంపా చేసినదాన్ని. దీర్ఘకాల గాయంతో ఉన్న ఆటగాడి జీతం మేరకు క్యాప్ దాటొచ్చన్న రూల్ ఉంది. ప్లేఆఫ్స్‌లో అప్పట్లో క్యాపే లెక్కించేవారు కాదు. 2020-21లో తుంటి సర్జరీ చేయించుకున్న నికితా కుచెరోవ్ 56 మ్యాచ్‌ల సీజన్ మొత్తం ఆడలేదు. ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్‌కు దిగి 32 పాయింట్లతో (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) అందరికంటే ముందు నిలిచాడు. టాంపా కప్ గెలిచింది. అప్పటికి ఆ జట్టు క్యాప్ కంటే దాదాపు 1.8 కోట్లు పైన ఉంది. సంబరాల్లో కుచెరోవ్ ఆ అంకె రాసి ఉన్న టీషర్ట్ వేసుకుని తిరిగాడు. గాయం నిజమే, రూల్ తప్పిందీ లేదు. అయినా మిగతా టీమ్‌ల కడుపు రగిలింది. చివరికి 2025-26 నుంచి ప్లేఆఫ్ మ్యాచ్‌లో బరిలో దిగే 20 మంది జీతాల మొత్తం కూడా క్యాప్ లోపలే ఉండాలని రూల్ మార్చారు.

క్యాప్‌కు అందనిది ఇంకోటుంది, పన్ను. ఫ్లోరిడా, టెక్సస్, నెవాడాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. టొరంటో, మాంట్రియల్‌లలో పై స్లాబ్ 53 శాతం దాటుతుంది. డాలస్ శివార్లలో స్థిరపడిన మనవాళ్లకు, కాలిఫోర్నియా వదిలి అక్కడికి వచ్చినవాళ్లకు ఈ తేడా ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. క్యాప్‌లో రెండు చోట్లా కోటి డాలర్లు కోటే, ఇంటికి తీసుకెళ్లేది వేరు. ఇతర రాష్ట్రాల్లో ఆడిన మ్యాచ్‌లకు అక్కడి పన్ను పడుతుంది కాబట్టి ఆదా పైకి కనిపించినంత ఉండదు. అయినా 2020 నుంచి 2025 దాకా ఆరు కప్‌లలో ఐదు టాంపా, వేగస్, ఫ్లోరిడాలకే వెళ్లాయి. పన్ను ఒక్కటే కారణమంటే ఒప్పుకోను, ఆ టీమ్‌లు చాలా ఏళ్లు అదే పన్నుతో ఓడుతూనే ఉన్నాయి. బాగా నడిచే టీమ్ చేతిలో మాత్రం అది బేరానికి అక్కరకొచ్చే ఆయుధం.

ఇంతకీ క్యాప్ పని చేసిందా? పోటీ వరకు చూస్తే, చేసింది. క్యాప్‌కు ముందు పదేళ్లలో ఎనిమిది కప్‌లు న్యూజెర్సీ, డెట్రాయిట్, కొలరాడోలే పంచుకున్నాయి. 2006 నుంచి 2025 దాకా 20 కప్‌లను 13 వేర్వేరు టీమ్‌లు గెలిచాయి. విన్నిపెగ్‌కు 2011లో టీమ్ తిరిగొచ్చింది. అలాగని డబ్బు పోస్తే కప్ వచ్చేస్తుందన్నది ఆ రోజుల్లోనూ నిజం కాదు. జీతాలు కుమ్మరించిన రేంజర్స్ 2004కు ముందు వరసగా ఏడు సీజన్లు ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు. ఆటగాళ్లు నష్టపోయారా అంటే, అంకెల్లో లేదు. 2025-26 నాటికి క్యాప్ 3.9 కోట్ల నుంచి 9.55 కోట్లకు పెరిగింది. నష్టపోయింది బేరమాడే శక్తిని. పెరిగే ప్రతి డాలరూ ముందే గీసిన గీత లోపలే పంచుకోవాలి.

గీత ఎక్కడ గీయాలన్నది ఒక ఎంపిక మాత్రమే అని 2024లో మొదలైన మహిళల లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్‌ను చూస్తే తెలుస్తుంది. మొదటి సీజన్ ఒప్పందంలో టీమ్ సగటు జీతం 55 వేల డాలర్లు ఉండాలన్నారు. కనీసం ఆరుగురికి 80 వేలకు తగ్గకూడదు, 35 వేల కనీస జీతం మీద తొమ్మిది మందికి మించి ఉండకూడదు. డబ్బు చాలా చిన్నది, కానీ అట్టడుగున ఎంతమందిని పెట్టొచ్చో రూలే చెబుతోంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలాంటి కాపలా లేదు.

ఇప్పుడు కోవిడ్ అప్పు తీరిపోయి క్యాప్ పరుగులు పెడుతోంది. 2026-27కి 10.4 కోట్లు, 2027-28కి 11.35 కోట్లు అని లీగ్, యూనియన్ కలిసి ముందే ప్రకటించాయి. ఈ వేడిలో కానర్ మెక్‌డేవిడ్ చేసిన పని అందర్నీ ఆశ్చర్యపరిచింది. ప్రపంచంలో అతన్ని మించిన ఆటగాడు లేడని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. క్యాప్‌లో 20 శాతం అనే హద్దు దాకా అతను అడగగలిగేవాడు. 2025 అక్టోబర్‌లో ఎడ్మంటన్‌తో రెండేళ్లకు సంతకం పెట్టింది ఏడాదికి 1.25 కోట్లకే, 2017లో ఒప్పుకున్న పాత జీతానికే. జట్టులో లియోన్ డ్రైసైటిల్ జీతం 1.4 కోట్లు, తనకంటే ఎక్కువ. మెక్‌డేవిడ్ వదులుకున్న డబ్బు ఓనర్‌కు మిగిలిందనుకుంటే పొరపాటు. క్యాప్ అంచున ఉండే టీమ్ ఆ డబ్బును ఇంకో ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల మీద పెడుతుంది. లీగ్‌లో ఆటగాళ్ల సగం సగంగానే ఉంటుంది. అతను తగ్గించుకున్నది తోటివాళ్ల కోసం, అక్షరాలా.

ఆ కాంట్రాక్ట్ 2028 వేసవిలో ముగుస్తుంది. 2027-28 క్యాప్ ప్రకారం చూసినా 20 శాతం అంటే 2.27 కోట్లు. అప్పుడు మెక్‌డేవిడ్ పూర్తి ధర అడిగితే కాదనేవాళ్లు ఉండరు. సర్దుకోవాల్సింది మాత్రం మూడో లైన్‌లో, నాలుగో లైన్‌లో, అంటే స్టార్ల తర్వాతి వరసల్లో ఆడేవాళ్లు.